తూర్పున అస్తమించిన సూర్యుడు

మా పెద్దనాన్న సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యారు. గొలుసు పట్టి కృష్ణా డెల్టా పొలాలన్నీ కొలిచిన మనిషి. విశాఖపట్నం రాగానే ఆర్కే బీచ్‌లోని కుర్సురా జలాంతర్గామిని చూడాలన్నారు. ఆఫీసు కాగానే తీసుకెళ్తానంటే చిన్నబుచ్చుకున్నారు. ఆయన పథకం అప్పటికే సిద్ధం: పాత పోస్టాఫీసు దగ్గర బస్సు దిగడం, సముద్రాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని నడవడం. జలాంతర్గామి ఎక్కడికి పోతుంది?

లెక్కలో తప్పు లేదు. తప్పల్లా ఊరిదే. పాత ఊరికి ఒకవైపు బంగాళాఖాతం ఉంటే, రెండోవైపు పోర్టు. 1933లో ప్రారంభమైన ఇన్నర్ హార్బరు డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి లోపలికి చొచ్చుకొచ్చి, ఓడలను ఊరి వీపు వెనకాల నిలబెడుతుంది. పెద్దనాన్న బస్సు దిగేసరికి మబ్బుగా ఉంది. నీళ్లు కనిపించాయి, ఓడ కనిపించింది. ఆంధ్రదేశంలో సముద్రమంటే తూర్పే కదా! కుడిచెయ్యి అటు పెట్టి బయలుదేరారు.

సాయంత్రం మబ్బు విడింది. నాకు ఫోను.

"ఒరేయ్, మీ ఊళ్లో సూర్యుడు తూర్పున అస్తమిస్తున్నాడు."

"ఎక్కడున్నారు పెద్దనాన్నా?"

"గేటు దగ్గర. ఇతనెవరో లోపలికి వెళ్లనివ్వడం లేదు. రిటైరైపోయిన జలాంతర్గామికి ఇంత కాపలా ఎందుకురా?"

ఫోను ఆయనకివ్వమన్నాను.

"ఇది పోర్టని చెబుతూనే ఉన్నానండీ," అన్నాడు కాపలాదారు, అలసిపోయిన గొంతుతో. "నీళ్లు ఉప్పగా ఉన్నాయా లేదా అని నన్నే నిలదీస్తున్నారు."

పెద్దనాన్నను మాత్రం ఏమనగలం? హౌరా వెళ్లే రైళ్లకే విశాఖ స్టేషనులో ముందువెనుకలు తారుమారవుతాయి. ఇంజను తోకవైపు తగిలించుకుని, వచ్చినవైపే బయలుదేరతాయి.

ఆటోలో వెళ్లి ఆయన్ని ఎక్కించుకుని బీచ్‌కు చేరేసరికి టికెట్లు ఇంకా ఇస్తున్నారు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించుకున్న కుర్సురా లోపల, దానిలాగే రిటైరైన ఒక నావికుడు అన్నీ వివరిస్తున్నాడు. పెద్దనాన్న ఇరుకు దారిలో తల వంచుకుని అడిగారు:

"నీటి అడుగున దిక్కు ఎలా తెలుస్తుంది బాబూ?"

"గైరో కంపాస్ ఉంటుందండీ. ఎటు తిరిగినా ఉత్తరం చూపిస్తుంది."

పెద్దనాన్న నా వైపు తిరిగి, గొంతు తగ్గించారు. "ఇలాంటిది పాత పోస్టాఫీసు దగ్గర పెట్టాలిగానీ, ఇక్కడ దాచుకున్నారేమిట్రా?"