ఎదురుగాలి లెక్క చెబుతారు, పక్క గాలి లెక్క చెప్పరు

కొత్త కారు విడుదలైనప్పుడల్లా తయారీదారులు ఒక అంకెను గొప్పగా ప్రకటిస్తారు. గాలిని ఆ కారు ఎంత తేలికగా చీల్చుకుపోతుందో తెలిపే డ్రాగ్ గుణకం అది. 0.30 కన్నా 0.25 మేలు, 0.22 మరీ మేలు. విండ్ టన్నెల్‌లో, అంటే పెద్ద పంకాలతో గాలి వీయించే పరీక్షా సొరంగంలో, గాలిని సరిగ్గా ఎదురుగా వీయించి దీన్ని కొలుస్తారు. ఇంధనం ఖర్చు, ఎలక్ట్రిక్ కారైతే ఒక్కసారి ఛార్జింగ్‌తో వెళ్లగలిగే దూరం చాలావరకు దీనిపైనే ఆధారపడతాయి కనుక దాని ప్రాముఖ్యాన్ని కాదనలేం. కానీ పొడవాటి వంతెన ఎక్కినప్పుడు, చెట్ల వరుస దాటి ఆరుబయటికి వచ్చినప్పుడు కారును ఉన్నట్టుండి పక్కకు నెట్టే గాలి ఎదురుగా రాదు. ఆ గాలికి ఏ కారు ఎంత చెదురుతుందో కొనుగోలుదారుకు చెప్పేవారు దాదాపు లేరు. భద్రతకు నేరుగా సంబంధించిన ఒక గుణం ఇలా ప్రకటనలకు అందకుండా మిగిలిపోవడం సమంజసం కాదు.

నడుస్తున్న కారు మీద పనిచేసేది బయట వీచే గాలి ఒక్కటే కాదు; కారు తన వేగంతో తానే పుట్టించుకునే ఎదురుగాలి కూడా దానితో కలుస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారుకు సరిగ్గా పక్క నుంచి 36 కిలోమీటర్ల గాలి తగిలిందనుకుందాం. రెండూ కలిసి కారుకు దాదాపు 106 కిలోమీటర్ల వేగంతో, ముందువైపు నుంచి సుమారు 20 డిగ్రీలు ఏటవాలుగా వచ్చే ఒకే గాలిగా తగులుతాయి. చిన్న హ్యాచ్‌బ్యాక్ మీద దీనివల్ల పడే పక్క ఒత్తిడి స్థూలంగా 70, 80 కిలోల బరువుకు సమానం. అదే గాలి ఆగి ఉన్న కారును తోసే బలం ఇందులో సగం కూడా ఉండదు. గాలి మరీ తీవ్రం కానంతవరకు, దాని వేగం మారకపోయినా కారు వేగం పెరిగేకొద్దీ పక్కకు తోసే బలం ఇంచుమించు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ‘గాలి ఎంత ఉంటే అంతే, మనం ఎంత వేగంగా పోతే ఏం’ అనే ధోరణి తప్పని ఈ లెక్కే చెబుతుంది.

నిజానికి ఈ తోపుడు కన్నా ప్రమాదకరమైనది అది కారు మీద ఎక్కడ పడుతుందన్న విషయం. మామూలు కారు ఆకృతిలో పక్క గాలి ఒత్తిడి కేంద్రీకృతమయ్యే చోటు గరిమనాభికి, అంటే కారు బరువంతా కేంద్రీకృతమైనట్టు ఉండే బిందువుకు, ముందు ఉంటుంది. అందువల్ల గాలి కారును పక్కకు జరపడంతో ఆగదు, ముక్కును తాను పోయే దిక్కుకే తిప్పుతుంది. వంద కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. ముక్కు ఒక్క డిగ్రీ తిరిగి, ఒక్క సెకను ఎవరూ దిద్దకపోతే కారు దాదాపు అర మీటరు పక్కకు జరుగుతుంది; రెండు డిగ్రీలైతే మీటరు. మూడున్నర మీటర్ల వెడల్పున్న రోడ్డు వరుసలో (లేన్‌లో) 1.8 మీటర్ల వెడల్పున్న కారు మధ్యలో పోతుంటే అటూ ఇటూ మిగిలే చోటు 85 సెంటీమీటర్లే. డ్రైవర్ స్పందించడానికే అర సెకనో, అంతకన్నా కాస్త ఎక్కువో పడుతుందని గుర్తుంచుకుంటే, ఈ చిన్న కోణాలు ఎందుకు అంత ముఖ్యమో తెలుస్తుంది.

ఇంజనీర్లకు ఈ సంగతి కొత్తది కాదు. 1930లలో గాలిని సులువుగా జారవిడిచే నున్నటి ఆకృతుల మీద మోజు పెరిగినప్పుడే దాని మూల్యం కూడా బయటపడింది. వెనక భాగాన్ని సన్నగా, గుండ్రంగా చేస్తే డ్రాగ్ తగ్గుతుంది. కానీ ముక్కు తిరగకుండా నిలబెట్టాల్సిన పక్క ఒత్తిడి కూడా వెనక తగ్గిపోతుంది. ఇంజన్ వెనక ఉన్న కార్లలో గరిమనాభి కూడా వెనక్కి జరిగి, దానికీ గాలి ఒత్తిడి పడే చోటికీ మధ్య దూరం పెరుగుతుంది, ముక్కు ఇంకా తేలికగా తిరుగుతుంది. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు, దాని సోదరి మైక్రోబస్‌కు పక్క గాలి అంటే పడదన్న పేరు ఊరికే రాలేదు. 1934లో వచ్చిన చెకోస్లొవాకియా కారు టాట్రా 77కు వీపు మీద నిలువు రెక్క పెట్టారు. 1950లలో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ కార్ల రేసులో గెలిచిన జాగ్వార్ డి-టైప్‌కు డ్రైవర్ తల వెనక ఉన్న రెక్క కూడా అలంకారం కాదు. బాణానికి వెనక ఈకలు కట్టినట్టే ఇదీ: ఒత్తిడి కేంద్రాన్ని వెనక్కి లాగితే ముక్కు దారి తప్పదు. రికార్డు వేగాల విషయంలో ఈ జాగ్రత్త ప్రాణాల మీదికి వచ్చే అంశం. 1938 జనవరి 28న జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్, డార్మ్‌స్టాట్ మధ్య ఆటోబాన్ అనే హైవేపై గంటకు 400 కిలోమీటర్లు మించిన వేగంలో ఆటో యూనియన్ కారు అదుపు తప్పి రేసర్ బెర్న్‌డ్ రోజ్‌మేయర్ మరణించాడు. పక్క నుంచి కొట్టిన గాలి విసురే దానికి కారణమని సాధారణంగా భావిస్తారు.

ఈ వైరుధ్యం నేటి కార్లలోనూ పోలేదు. వెనక నిటారుగా, పెద్ద పక్క గోడలతో ఉండే ఎస్టేట్ కారును గాలి మొత్తంగా ఎక్కువ బలంతో తోసినా, ఆ బలంలో మంచి భాగం వెనక పడటం వల్ల ముక్కు తక్కువ తిరుగుతుంది. వెనక్కి జారుతూ సన్నబడే సెడాన్‌లో తోపుడు తక్కువ, తిప్పుడు ఎక్కువ. చూడటానికి గాలికి ఎదురులేనిదిగా కనిపించేది పక్క గాలిలోనూ అంత స్థిరంగా ఉంటుందన్న భరోసా లేదన్నమాట. ఇక ఎత్తయిన ఎస్‌యూవీలు, వ్యాన్‌ల విషయం వేరుగా చెప్పనక్కరలేదు. బ్యాటరీని నేలలో పరిచిన ఎలక్ట్రిక్ కార్ల బరువు మాత్రం ఇక్కడ కొంత మేలే చేస్తుంది: ఒకే బలానికి బరువైన కారు నెమ్మదిగా కదులుతుంది, గరిమనాభి కిందికి ఉండటంతో ఒరగడమూ తక్కువే.

నిలకడగా వీచే గాలి ఎంత బలమైనదైనా దానికి డ్రైవర్ త్వరగానే అలవాటు పడతాడు. స్టీరింగ్‌ను కాస్త గాలి వైపు పట్టుకుని పోతాడు. ఇబ్బందంతా మార్పుతోనే. లారీని దాటేటప్పుడు దాని చాటున గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది, అంతవరకు గాలికి ఎదురుగా పట్టిన స్టీరింగ్ కారును లారీ వైపు లాగుతుంది. దాటిన మరుక్షణం అదే గాలి మళ్లీ కొడుతుంది. లారీ ముందు భాగం పక్కకు తోసే గాలి అలలు దీనికి అదనం. సెకనుకు అర నుంచి రెండు సార్లు మారే విసురుల్లో మనిషి దిద్దుబాటు సమయానికి అందకపోవడమే కాదు, ఒక్కోసారి ఊపును ఇంకా పెంచుతుంది కూడా. కంగారుగా స్టీరింగ్ తిప్పే డ్రైవర్ గాలి పనిని తానే పూర్తి చేస్తాడు. ఒక కారు గాలిలో ‘భయపెడుతోంది’ అని వాడేవారు అన్నప్పుడు సాధారణంగా ఆ భయం వెనక ఉండేది గాలి బలం కాదు, కారూ డ్రైవరూ ఒకరి వేగానికి ఒకరు అందుకోలేకపోవడం. ఇక్కడ సస్పెన్షన్, స్టీరింగ్ అమరిక, టైర్ల బిగువు కూడా లెక్కలోకి వస్తాయి. గాలికి ఒరిగిన కారులో వెనక చక్రాలు కొద్దిగా తిరిగే అమరిక ఉంటే ఆ తిప్పుడు మంచికైనా చెడుకైనా తోడవుతుంది. గాలి తగ్గిన టైరు పక్క బలాన్ని బద్ధకంగా అందుకుంటుంది.

ఏటవాలు గాలి కారు మీద పైకి లేపే బలాన్ని కూడా సాధారణంగా పెంచుతుంది, అంటే టైర్లు నేలను పట్టే బలం అవసరమైనప్పుడే తగ్గుతుంది. వెనక ఇరుసు తేలికైతే ఏం జరుగుతుందో మొదటి తరం ఆడి టీటీ చూపించింది. అక్కడ కారణం పక్క గాలి కాదు, అతివేగంలో చేసే మలుపులు. యూరప్‌లో జరిగిన ప్రమాదాల తర్వాత ఆ కార్లను వెనక్కి పిలిచి స్పాయిలర్ (వెనక భాగం పైకి లేవకుండా చూసే చిన్న రెక్క), ఎలక్ట్రానిక్ స్థిరత్వ వ్యవస్థ చేర్చారు.

ఎలక్ట్రానిక్స్ ఈ పక్క గాలి విషయంలోనూ రంగంలోకి దిగాయి. 2013లో మెర్సిడెస్ బెంజ్ స్ప్రింటర్ వ్యాన్‌లో ప్రవేశపెట్టిన క్రాస్‌విండ్ అసిస్ట్, గంటకు 80 కిలోమీటర్లు దాటాక విసురును పసిగట్టి గాలి తగిలే వైపు చక్రాలకు స్వల్పంగా బ్రేక్ వేసి ముక్కును తిరిగి గాలి వైపు లాగుతుంది. ఇది నిజంగా ఉపయోగపడే సాయం. అయితే జరిగిన కదలికను తగ్గిస్తుందే తప్ప రాకుండా ఆపదు, తడి రోడ్డు మీద టైరుకు లేని పట్టును పుట్టించదు. ఆకృతిలో మిగిలిన లోపాన్ని సాఫ్ట్‌వేర్‌తో కప్పే అలవాటు పెరిగితే అది సాయమన్న పేరుతో వచ్చే కొత్త సమస్య.

రోడ్డు నిర్మించేవారు కొంత బాధ్యత పంచుకున్నారు. ఫ్రాన్స్‌లోని మియో వంతెనకు రెండు పక్కలా కట్టిన మూడు మీటర్ల తెరలు వాహనాలకు తగిలే గాలిని దాదాపు సగానికి తగ్గిస్తాయి. డ్రైవర్ చేతిలో మిగిలేవి కొన్నే: వేగం తగ్గించడం, పైకప్పు మీద పెట్టెలు, సామాను లేకుండా చూసుకోవడం, టైర్లలో గాలి సరిగా ఉంచడం, లారీని దాటుతున్నప్పుడు స్టీరింగ్ రెండు చేతులతో వదులుగా కాకుండా, బిగుసుకోకుండా పట్టుకోవడం. వీటిలో వేగానిదే పెద్ద వాటా. పక్క బలమూ, దిద్దేలోగా జరిగే దూరమూ రెండూ దానితోనే పెరుగుతాయి.

కొలిచే పద్ధతి లేకపోవడం వల్ల ఈ అంకె దాచారని అనుకోవడానికి లేదు. పంకాల వరుస పక్క నుంచి గాలి కొడుతుండగా స్టీరింగ్‌ను కదల్చకుండా పట్టుకుని కారును నడిపి, అది దారి నుంచి ఎంత చెదిరిందో కొలిచే విధానాన్ని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌వో 12021 ప్రమాణం నిర్దేశిస్తోంది. తయారీదారులు అభివృద్ధి దశలో ఇలాంటి కొలతలు తీసుకుంటూనే ఉంటారు. ఇంధన సామర్థ్యం, ఢీకొన్నప్పటి రక్షణ లాగే దీన్నీ ఒకే వేగంలో, ఒకే గాలిలో కొలిచి, పైకప్పు పెట్టెతో ఒకసారి, లేకుండా ఒకసారి ప్రకటించమని నియంత్రణ సంస్థలు అడగవచ్చు. అప్పుడు డ్రాగ్ గుణకం పక్కనే, ఆ గాలికి కారు ఎన్ని సెంటీమీటర్లు చెదిరిందో కూడా ప్రకటనలో కనిపిస్తుంది.