మాస్ స్పెక్ట్రోమీటరు కొనుగోలు ఫైలు గారికి

మహారాజశ్రీ ఫైలు గారి దివ్యసముఖమునకు, జీవరసాయన విభాగం నుంచి నమస్కరించి వ్రాయునది.

ఈ రోజు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి అయిదు దాకా ఫైనాన్సు సెక్షను బెంచీ మీద తమరి దర్శనార్థం కూర్చున్నాను. చివరకు తమరు నోట్ షీటు మీద ఎర్రసిరాతో కొత్త రిమార్కు ధరించి, మూడోసారి నా చేతికే విచ్చేశారు: "విభాగంలో ఎలక్ట్రానిక్ కాటా ఉండగా, ద్రవ్యరాశి కొలిచే మరో యంత్రం ఏల? వివరణ కోరడమైనది."

చిత్తం. కాటా పళ్లెంలో పోసిన పొడి బరువు చెబుతుంది. ఈ యంత్రం అణువులకు విద్యుదావేశం ఇచ్చి, గాలి తోడేసిన గదిలోకి పంపి, ద్రవ్యరాశికీ ఆవేశానికీ ఉన్న నిష్పత్తిని బట్టి వాటిని వేరుచేస్తుంది. ప్రొటీన్ల వంటి పెద్ద అణువులు చెదిరిపోకుండా వాటికి ఆవేశం ఎక్కించే పద్ధతులు కనిపెట్టినందుకు 2002లో జాన్ ఫెన్‌కు, కొయిచి తనకాకు నోబెల్ ఇచ్చారు. పాపం, వారికి కాటా సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. మా పరిశోధక విద్యార్థిని తేల్చవలసింది తన ప్రొటీను మీద ఒక ఫాస్ఫేటు చేరిందా లేదా అన్నది. చేరితే పెరిగేది సుమారు 80 డాల్టన్లు (అణువుల ద్రవ్యరాశికి వాడే కొలత), అంటే గ్రాముల్లో దశాంశ బిందువు తర్వాత 21 సున్నాలు పెట్టి, ఆ పైన 133 వ్రాయాలి. తమరి కాటా మీద ఆ ఫాస్ఫేటును తూచి చూపించగలరా?

ఒక్కటే కంపెనీ టెక్నికల్ బిడ్డులో నెగ్గిందని రీటెండరు పిలిచినప్పుడు నోరు మెదపలేదు. కొటేషను గడువు తీరి, డాలరు పెరిగి, నైట్రోజన్ జనరేటరు అంచనాలోంచి జారిపోయినప్పుడూ ఊరుకున్నాను. యంత్రం కోసం ఏసీ పెట్టించిన గదిలో ప్రస్తుతం అందరూ క్యారియర్లు విప్పుకుని భోంచేస్తున్నారు. నేనూ అక్కడే తింటున్నాను.

కానీ ఆ అమ్మాయి థర్మాకోల్ డబ్బాలో డ్రై ఐసు పోసి, శాంపిళ్లను ఒడిలో పెట్టుకుని రాత్రి బస్సులో హైదరాబాదు వెళ్తోంది. పోయిన నెల అక్కడి యంత్రం మరమ్మతులో ఉండడంతో, తిరిగి వచ్చేసరికి ఐసూ లేదు, ప్రొటీనూ లేదు. ఆమె ఫెలోషిప్పు అయిదేళ్లు. అందులో మూడు నువ్వే మింగావు. అవును, నువ్వే! ఇంకా తమరేమిటి, గారేమిటి? అట్టకు అట్టా, తాడుకు తాడూ ఉండి, పరుగెత్తడం మాత్రం చేతకాని కాగితాల మూట!

వివరణ జతపరిచాను. ఆ 21 సున్నాలూ లెక్కపెట్టుకుని, ఒకటి తగ్గిందని మళ్లీ వెనక్కి పంపు. నాకిప్పుడు తీరిక లేదు. డబ్బాకు టేపు వెయ్యాలి, తొమ్మిదింటికి బస్సు.

ఇట్లు,
కాటా ఉన్న విభాగం ఆచార్యుడు