సవరణ: ఎన్‌రోల్‌మెంట్ ఫీజు వేలల్లో కాదు

లా పూర్తయ్యాక బార్ కౌన్సిల్‌లో (లాయర్లని నమోదు చేసే సంస్థలో) ఎన్‌రోల్ కావడానికి వేలల్లో డబ్బు సిద్ధం చేసుకోవాలని ఇదివరకు రాసినదాంట్లో ఉంది. అది పాత లెక్క. 2024 జూలై 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, 1961 అడ్వకేట్స్ చట్టంలో ఉన్న ఫీజే తీసుకోవాలి: జనరల్ వాళ్లకి 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకి 125. స్టాంప్ డ్యూటీ ఉంటే అది వేరు. లైబ్రరీకనీ, ఐడీ కార్డుకనీ ఎన్‌రోల్‌మెంట్ పేరు చెప్పి పైన గుంజడానికి వీల్లేదు. అంతకుముందు కట్టినవాళ్లకి తిరిగి ఇవ్వక్కర్లేదని కూడా కోర్టే చెప్పింది. అప్పు చేసి కట్టినవాళ్లని తలచుకుంటే ఉసూరుమనిపిస్తుంది.

లాయరుగా ప్రాక్టీసు చేయడానికి పాసవ్వాల్సిన ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్ ఫీజు ఇందులో కలవదు, విడిగా కట్టాలి. ఆ పరీక్ష హాల్లోకి బేర్ యాక్టులు (వివరణలు లేకుండా చట్టం పాఠం మాత్రమే ఉండే పుస్తకాలు) తీసుకెళ్లొచ్చు కానీ, మార్జిన్లలో నోట్సు రాసుకున్న కాపీ పనికిరాదు.