సవరణ: లైమన్ 1879 పేటెంటు టాంగ్ సైట్‌కు సంబంధించినది

పాత వించెస్టర్ (అమెరికా తుపాకుల కంపెనీ) లీవర్ యాక్షన్ రైఫిళ్లపై, అంటే కింది లీవర్‌ను ఆడించి తూటా ఎక్కించే తుపాకులపై, ఇంతకుముందు రాసిన టపాలో “విలియం లైమన్ 1879లో రిసీవర్ సైట్‌కు పేటెంటు పొందారు” అనే వాక్యం ఉంది. అక్కడ “టాంగ్ సైట్‌కు” అని చదువుకోవాలి. సైట్ అంటే గురి చూసే పరికరం, రిసీవర్ అంటే తుపాకీ యంత్రభాగాలు ఉండే లోహపు పెట్టె. టాంగ్ సైట్ రిసీవర్‌కు వెనుక, చెయ్యి పట్టుకునే చోట చెక్కపై ఉన్న లోహపు పట్టీకి (టాంగ్) బిగుస్తుంది, అవసరం లేనప్పుడు మడిచిపెట్టవచ్చు. రిసీవర్ పక్కగోడకు మరలతో బిగించే లైమన్ 21, 38 నంబరు సైట్లు ఆ తర్వాత వచ్చినవి. రెండింటిలోనూ కన్ను చిన్న రంధ్రం గుండానే గురి చూస్తుంది కాబట్టి వీటిని ఒకే గాటన కట్టడం సులువు.

కానీ పాత రైఫిల్ కొనేవారికి ఈ తేడా చాలా ముఖ్యం. రిసీవర్ సైట్‌కు సాధారణంగా పక్కగోడలో రంధ్రాలు కావాలి. తర్వాతి యజమాని ఎవరో తొలిపించిన రంధ్రాలైతే సేకరణకర్తల దృష్టిలో రైఫిల్ విలువ బాగా పడిపోతుంది, మంచి తుపాకులు ఇలా పాడవడం నిజంగా బాధాకరం. ఫ్యాక్టరీలోనే ఆర్డరుపై బిగించినదైతే సంగతి వేరు. వయోమింగ్ రాష్ట్రంలోని కోడీ తుపాకుల మ్యూజియంలో అనేక వించెస్టర్ ఉత్పత్తి రికార్డులు భద్రంగా ఉన్నాయి. సైట్ ఫ్యాక్టరీలో బిగించినదో కాదో డబ్బు చెల్లించేముందు సీరియల్ నంబరుతో అక్కడ విచారించండి.