గ్రీటింగ్స్ ఆఫ్ ది డే, డాక్టర్ ఆవకాయ గారూ

నాకు డాక్టరేట్ వచ్చింది. ఎవరిచ్చారో తెలీదు, ఎప్పుడిచ్చారో తెలీదు, కానీ మంగళవారం పొద్దున్నే ఫోన్ తీసేసరికి "డియర్ డాక్టర్, గ్రీటింగ్స్ ఆఫ్ ది డే!" అని మెయిల్ వచ్చి కూర్చుంది కాబట్టి వచ్చే ఉంటుంది. ఈ గ్రీటింగ్స్ ఆఫ్ ది డే అన్న ముక్క చూస్తే మీకూ ఒళ్లు మండుతుందని నాకు తెలుసు. ఏ రోజుకి శుభాకాంక్షలో పంపినవాడికే తెలీదు. ఉగాదికీ అదే, అమావాస్యకీ అదే.

సంగతేమిటంటే, నేను రాసిన 'ఆవకాయలో ఆవ తగ్గితే' అనే "అత్యంత ప్రభావశీలమైన పరిశోధనా పత్రం" చదివి వాళ్ల సైంటిఫిక్ కమిటీ పులకించిపోయిందట. అందుచేత నవజాత శిశు ఆరోగ్యం, క్యాన్సర్, పర్యావరణ సుస్థిరతల మీద జరిగే అంతర్జాతీయ సదస్సులో నేను కీనోట్, అంటే ముఖ్య ప్రసంగం, ఇవ్వాలట. ఫీజు 799 డాలర్లు, మనవాళ్లకైతే రాయితీ. ఆ పరిశోధనా పత్రం మూడేళ్ల కిందట మా అత్తగారి మీద కోపంతో నేను రాసుకున్న వేసవి కాలమ్. దానికీ చంటిపిల్లలకీ ఉన్న సంబంధమల్లా, వాళ్లకి ఆవకాయ పెట్టకూడదు అన్నంతవరకే.

పసిపిల్లలూ, క్యాన్సరూ, పర్యావరణమూ ఒకే సదస్సులో ఎలా ఇమిడాయా అని నేను చాలాసేపు గౌరవంగానే ఆలోచించాను. పుట్టేటప్పుడు ఒకటి, పోయేటప్పుడు ఒకటి, మధ్యలో పీల్చే గాలి ఒకటి. వదిలేసింది పెళ్లి ఒక్కటే, వచ్చే ఏడాది దానికీ ఓ ట్రాక్ పెడతారేమో.

ఉండబట్టలేక అబ్‌స్ట్రాక్ట్, అంటే పేపర్ సారాంశం, పంపాను. జాడీలో నూనె పైకి తేలే తీరుకీ, నెలలు నిండని శిశువుల బరువుకీ, గుంటూరు మిరపకాయల కార్బన్ ఫుట్‌ప్రింట్‌కీ ఉన్న అవినాభావ సంబంధం గురించి. రాత్రి పదకొండున్నరకి పంపితే తెల్లారి ఆరు కాకముందే "ఇద్దరు అంతర్జాతీయ నిపుణులు కూలంకషంగా పరిశీలించి ఆమోదించారు" అని జవాబు. పాపం, ఆ ఇద్దరూ నిద్ర మానుకుని మా ఇంటి ఆవ పాళ్లు సరిచూశారన్నమాట.

ఈ ఘనత సాధించినవాళ్లలో నేనేమీ మొదటివాణ్ణి కాదు. న్యూజిలాండ్‌లో క్రిస్టోఫ్ బార్ట్‌నెక్ అనే ప్రొఫెసర్‌కి 2016లో ఇలాగే అణుభౌతిక శాస్త్ర సదస్సుకి పిలుపొచ్చింది. ఆయనకి అణువుల గురించి పెద్దగా తెలీదు. ఐఫోన్లో 'అటామిక్' అనో 'న్యూక్లియర్' అనో కొట్టి, ఆపైన ఫోన్ దానంతటదే ఏ మాట చూపిస్తే ఆ మాట నొక్కుకుంటూ పోయి పేపర్ తయారుచేశాడు. మూడు గంటల్లో ఆమోదం, 1,099 డాలర్లు కట్టి అట్లాంటాకి దయచెయ్యమని మెయిల్. అంతకుముందు 2013లో జాన్ బొహానన్ అనే విలేకరి 'సైన్స్' పత్రిక కోసం చేసిన పని ఇంకా ఘోరం. రాళ్ల మీదా చెట్ల బెరళ్ల మీదా పెరిగే లైకెన్ నుంచి తీసిన మందు క్యాన్సర్ కణాలను అడ్డుకుంటుందని ఓ తప్పుల తడక పేపర్ అల్లి 304 జర్నళ్లకి (పరిశోధన పత్రికలకి) పంపితే 157 ఒప్పేసుకున్నాయి. ఇక పోలెండ్ పరిశోధకులైతే 'మోసగత్తె' అని అర్థం వచ్చేలా పేరు పెట్టి, లేని ఓ మేడమ్‌ని పుట్టించి, ఎడిటర్‌గా తీసుకోండని 360 జర్నళ్లకి దరఖాస్తు చేశారు. 48 చోట్ల ఉద్యోగం వచ్చింది. మన ఇళ్లల్లో బీటెక్ చదివిన పిల్లలు ఎన్ని దరఖాస్తులు పెట్టినా రాని రాబడి అది.

మన ఊరికీ ఇందులో వాటా ఉంది, దాచుకోవడమెందుకు. హైదరాబాద్ కేంద్రంగా జర్నళ్లూ సదస్సులూ నడిపిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. పీర్ రివ్యూ (అచ్చుకి ముందు ఆ రంగం నిపుణులు పేపర్‌ని పరిశీలించడం) గురించీ, ఎడిటర్ల గురించీ, సదస్సులకి వచ్చే వక్తల గురించీ తప్పుడు మాటలు చెప్పారని, ఫీజులు ముందు చెప్పలేదని తేలి, 2019 మార్చిలో నెవాడా కోర్టు 5 కోట్ల డాలర్లకి పైగా కట్టమంది. (నాకు మెయిల్ పంపినవాళ్లు వేరే బాపతు. పేరు చెప్పి వాళ్లకి ఉచిత ప్రచారం దేనికి.)

కీనోట్ ఇచ్చే స్తోమత లేక, రెండున్నర వేలు కట్టి శ్రోతగా వెళ్లాను. భోజనం ఉందన్నారు మరి. ఊరి చివర హోటల్లో, మామూలుగా బారసాలలు జరిగే హాలు. స్టేజీ మీద మూడు ఫ్లెక్సీలు ఒకదాని మీద ఒకటి కట్టారు. పొద్దున నవజాత శిశువులు, టీ తర్వాత పై ఫ్లెక్సీ విప్పితే క్యాన్సర్, భోజనాలయ్యాక అదీ విప్పితే పచ్చటి భూగోళం, దాని కింద 'ప్లాస్టిక్‌కి సెలవు'. ప్రతి కుర్చీ ముందూ పావు లీటరు ప్లాస్టిక్ నీళ్ల సీసా, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన బొకే. బ్రోషర్లో ఫోటో ఉన్న విదేశీ మహాశయుడు ఆరోగ్యం బాగాలేక రాలేదన్నారు. ఆయనకి ఆ ఫోటో అక్కడుందని తెలిస్తే ఆరోగ్యం నిజంగానే పాడయ్యేది. హాల్లో పద్నాలుగు మందిమి, అందులో ఇద్దరు ఫోటోగ్రాఫర్లు. పసికందుల కామెర్లకి వాడే నీలి లైట్ల గురించి ఒకమ్మాయి బెదురుతూ చదువుతుంటే, సెషన్ చైర్‌లో ఉన్నది ఫ్లైయాష్ ఇటుకల మీద పీహెచ్‌డీ చేసినాయన. అంతా విని, "ఈ లైట్లు సోలార్ మీద నడుస్తాయామ్మా?" అని అడిగాడు. నిజం చెప్పొద్దూ, ఆ రోజంతటిలో పనికొచ్చే ప్రశ్న అదొక్కటే. తర్వాత సర్టిఫికెట్లు. పేపర్లకి తలా ఏడు నిమిషాలు, సర్టిఫికెట్‌తో ఫోటోకి తలా పది. నాకూ ఇచ్చారు, బెస్ట్ ఓరల్ ప్రెజెంటేషన్. నేను నోరు తెరిచింది గోంగూర అన్నం దగ్గరే అనుకోండి. దాని మీద పేరు, డాక్టర్ ఆవకాయ.

పక్క కుర్చీలో ఓ మెడికల్ కాలేజీ డాక్టర్. "ప్రమోషన్‌కి రెండు పేపర్లు తక్కువయ్యాయి సార్, పొద్దున్నుంచీ ఓపీలో రెండొందల మందిని చూస్తాను, ల్యాబ్ లేదు, టైమ్ లేదు, ఏం చెయ్యమంటారు?" అన్నాడు. నవ్వుదామనుకున్నాను, నవ్వు రాలేదు. పేపర్ ఉంటేనే ప్రమోషన్ అని రూలు పెట్టినవాళ్లు ఆ పేపర్ ఎక్కడ అచ్చయిందో చూడరు. 2018లో యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ మేలుకుని తాను ఆమోదించిన జాబితాలోంచి 4,305 జర్నళ్లను ఒక్కసారిగా పీకేసింది. అంటే అప్పటిదాకా అవన్నీ సరుకున్నవేనని ముద్రేసింది ఎవరు?

ఇంక వ్యంగ్యం నావల్ల కాదు. పసిపిల్లల మీద పరిశోధన అంటే ఏమిటో చెప్పమంటారా? మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు చేసింది. మనకి గోదావరి అవతలి ఒడ్డే. పల్లెటూరి ఆడవాళ్లకి తర్ఫీదిచ్చి, బిడ్డ పుట్టిన ఇంటికల్లా పంపి, బరువు తూయించి, ఊపిరి లెక్కపెట్టించి, అవసరమైతే అక్కడే ఇంజెక్షన్ చేయించారు. 39 ఊళ్లలో ఇలా చేసి, చెయ్యని 47 ఊళ్లతో ఏళ్ల తరబడి పోల్చి చూశారు. నెలలోపు పిల్లల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో అచ్చయింది. ఒడిశా పల్లెల్లోనూ అంతే. 4,556 మంది పసికందులకి మేలు చేసే బ్యాక్టీరియా కలిపిన మందు వారం పాటు పట్టి, రెండు నెలలు వెంటపడి చూస్తే, సెప్సిస్సూ (ఒళ్లంతా పాకే ప్రాణాంతక ఇన్ఫెక్షన్) మరణాలూ కలిపి 40 శాతం తగ్గాయి. బురదలో నడిచి, చావు జరిగిన ఇంటికి కూడా వెళ్లి, ఎలా పోయిందమ్మా అని ఆ తల్లినే అడిగి రాసుకున్న అంకెలు ఇవి. ఇంటర్నెట్లో వెతికేవాడికి ఇదీ పేపరే, నా ఆవకాయా పేపరే.

మా పెద్దమ్మకి రొమ్ము క్యాన్సర్. రెండు కీమోలయ్యాయి, మందు పనిచేస్తోందని డాక్టర్ చెప్పాడు. జుట్టు ఊడింది, నోరు పూసింది, ఆవిడ భయపడింది. అదే టైముకి మా అన్నయ్య ఫోన్‌కి ఓ పీడీఎఫ్ వచ్చింది. లక్ష్మణ ఫలం ఆకులు క్యాన్సర్ కణాల్ని చంపేస్తాయని, "ఇంటర్నేషనల్ జర్నల్‌లో రుజువైంది" అని. ల్యాబ్ గిన్నెలో పెంచిన కణాల్ని బ్లీచింగ్ పౌడర్ కూడా చంపుతుంది, మనిషికి పట్టి చూశారా అని అడిగేవాళ్లు ఆ ఇంట్లో లేరు. నేనున్నాను, నేనూ గట్టిగా అడగలేదు. కీమో మానేసి ఐదు నెలలు కషాయం తాగింది. మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి లివర్‌కి పాకింది. డాక్టర్ స్కాన్ చూసి కాసేపు ఏం మాట్లాడలేదు, తిట్టినా బాగుండేది. ఒరేయ్, ఆ పేపర్‌ని కూలంకషంగా పరిశీలించిన మీ ఇద్దరు నిపుణులు ఎవర్రా? ఒక్కడి పేరు చెప్పండి. మీ డాలర్లు మీరు తీసుకోండి, మా పెద్దమ్మ ఐదు నెలలు మాకివ్వండి.

నిన్న మళ్లీ మెయిల్ వచ్చింది. జెంటిల్ రిమైండర్ అట, ఆరోది. డాక్టర్ ఆవకాయ గారిని వాళ్ల ఆంకాలజీ (క్యాన్సర్ వైద్యం) జర్నల్‌కి ఎడిటోరియల్ బోర్డులో వేశారట, ఇక క్యాన్సర్ పేపర్లు వస్తే చూసి పాస్ చెయ్యాల్సింది నేనేనట. అడుగున చీమంత అక్షరాల్లో, ఈ మెయిళ్లు వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి అని ఉంది. నొక్కాను. రిజిస్ట్రేషన్ పేజీ తెరుచుకుంది.