పరదేశపు పిట్టలకు మర్యాద తెలియదు

వీసా తీసుకుని, ఎల్లో ఫీవర్ టీకా పొడిపించుకుని, 600 మి.మీ. లెన్సు భుజాన మోసుకుని, సముద్రాలు దాటి వచ్చిన అతిథి కోసం కొమ్మ మీద రెండు నిమిషాలు కుదురుగా కూర్చునే పాటి సంస్కారం దక్షిణ అమెరికా పిట్టలకు లేదు. ఈ సంగతి ఇంతవరకూ ఎవరూ ఎందుకు నిలదీయలేదో అర్థం కాదు.

అతిథి పాట్లు చూడండి. ఏసీ గదిలో రాత్రంతా చల్లబడ్డ లెన్సును తెల్లవారుజామున అడవి తేమలోకి తీస్తే అద్దం మీద ఆవిరి కమ్ముకుంటుంది. తుడిచేకొద్దీ మళ్లీ పడుతుంది. అద్దం బయటి వేడిని అందుకునేదాకా, అంటే ఇంచుమించు అరగంట, ఆగాల్సిందే. రాత్రే సంచి జిప్పు మూసి ఏసీ లేని వరండాలో పెట్టుంటే ఈ గొడవే ఉండదు, నిజమే. కానీ ఆ అరగంట ఆగడానికి పిట్టకేం రోగం?

పెరూ జాతీయ పక్షి ఆండియన్ కాక్-ఆఫ్-ద-రాక్ సంగతి మరీ ఘోరం. మగవన్నీ ఒకచోట చేరి ఆడవాటి కోసం గెంతులు వేసేది తెల్లారీ తెల్లారకముందు, అదీ దట్టమైన చెట్ల నీడలో. వెలుతురు తక్కువగా తీసుకునే ఎఫ్ 6.3 లెన్సుతో, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 12,800 పెట్టినా షట్టర్ వేగం సెకనులో 1/100 దాటదు. తెర మీద మిగిలేది ఎర్రటి మరక. మోనోపాడ్ అనే ఒంటికాలి స్టాండు మీద ఆనించి, 1/60కి దించి, పక్షి తల నిలిపిన క్షణాన గుక్క తిప్పుకోకుండా పదిహేను నొక్కితే ఒకటైనా దక్కుతుంది. హిస్టోగ్రామ్‌లో (ఫోటోలో వెలుతురు ఎంతెంతుందో చూపే గీతల పటంలో) ఎరుపును విడిగా చూసి ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించాలి కూడా, లేకపోతే ఆ ఎరుపు కాలిపోయి ఈకల గీతలు మాయం. ఇంత తతంగం దేనికి? పెళ్లిచూపులు పదింటికి పెట్టుకుంటే ఆడపక్షులు కాదంటాయా?

లోకజ్ఞానం ఉన్నది ఒక్క ఆంట్‌పిట్టా అనే పిట్టకే. ఈక్వడార్‌లో కొన్నిచోట్ల వానపాములు వేసి అలవాటు చేశారు. పిలిస్తే వస్తుంది, తింటుంది, ఫోటో ఇస్తుంది, పోతుంది. ఇచ్చిపుచ్చుకోవడం అంటే అదీ.

మిగతావాటి కోసం గైడు వేలు చూపిస్తాడు: "పదకొండు గంటల దిక్కు, నాచు పట్టిన కొమ్మ, దాని వెనక." అక్కడ నాచు పట్టని కొమ్మ లేదు. ఈలోగా ఆటోఫోకస్ ముందున్న ఆకును పట్టుకుంటుంది. ఫోకస్‌ను ఒక్క పాయింటుకు కుదించి, అంతే దూరంలో ఉన్న మాను మీద ముందే కుదుర్చుకుని, అప్పుడు పిట్ట వైపు తిప్పాలి. అలా చేయనివాడి దగ్గర ఈనెలతో సహా లెక్కపెట్టదగ్గ ఆకు ఫోటోలు బోలెడు. వెనకాల పచ్చని మసకలో ఉన్నదే అతని లైఫర్, అంటే జీవితంలో మొదటిసారి చూసిన జాతి.

కెమెరా గడియారాన్ని స్థానిక సమయానికి మార్చనివాడి గతి వేరు. మిట్టమధ్యాహ్నం తీసిన డేగ రాత్రిపూట తీసినట్టు నమోదవుతుంది. చూసిన పక్షులను నమోదు చేసుకునే ఈబర్డ్ వెబ్‌సైట్ సమీక్షకుడు సంజాయిషీ అడుగుతాడు. ఇందులోనూ డేగ వైపు నుంచి ఏ సాయమూ అందదు.

సోఫా దిగకుండానే చూసిన జాతుల జాబితా పెరిగే పుణ్యకాలమూ ఒకటుంది. ఈబర్డ్ లెక్కలో హెర్రింగ్ గల్ అనే సముద్రపు పిట్ట ఒక్క జాతి కాస్తా 2024లో నాలుగు జాతులైంది. దక్షిణ కొరియా తీరంలో ఎప్పుడో చలికాలంలో తీసిన ఫోటో వెతికి తీస్తే చాలు. అది ఆ నాలుగింటిలో వేగా గల్లా, మంగోలియన్ గల్లా తేల్చడానికి ముఖ్యంగా చూడాల్సింది విప్పిన రెక్క చివర నలుపు తెలుపులు. ఫోటో చూస్తే అద్భుతం: వెలుతురు బాగుంది, ఫోకస్ కుదిరింది, అడ్డంగా ఆకు లేదు, పక్షి రెండు నిమిషాలేం ఖర్మ, అరగంట కదల్లేదు. ముక్కు వీపులో దూర్చి, రెక్కలు ముడుచుకుని నిద్రపోతోంది.