వాడేవారే వారసులు

2010 చివరలో, ఉత్తరాలు, లెక్కలు రాసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రే ఆఫీస్ బృందంలో కొత్తగా చేరినవారి ముందు ఉంచిన పనుల్లో ఒకటి ప్రోగ్రామింగ్ కాదు, అనువాదం. ఆ సాఫ్ట్‌వేర్ మూలాలు జర్మనీలోని లూనెబర్గ్ పట్టణంలో ఉన్నాయి. అక్కడి స్టార్ డివిజన్ సంస్థ ప్రోగ్రామర్లు ఒకరికొకరు తెలియడం కోసం కోడ్ మధ్యలో రాసుకున్న వివరణలు జర్మన్‌లోనే ఉండిపోయాయి. తర్వాత యజమానులు మారారు కానీ ఆ రాతల్లో చాలా భాగం అలాగే మిగిలింది. జర్మన్ రాని వారు ఆ కోడ్‌ను తెరిస్తే దారి తోచేది కాదు. జర్మన్ తెలిసిన స్వచ్ఛంద కార్యకర్తలు వాటిని ఒక్కొక్కటిగా ఇంగ్లిష్‌లోకి మార్చారు. అందుకు ఏళ్లు పట్టింది. ఊరి చెరువులో పూడిక తీయడం లాంటి పని అది. తట్టలు మోసిన వారి పేర్లు ఎవరికీ గుర్తుండవు, నీరు మాత్రం నిలుస్తుంది.

ఆ పూడిక ఎలా చేరిందో చెప్పుకోవాలి. స్టార్ డివిజన్‌ను 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొనుగోలు చేసి, మరుసటి ఏడాది కోడ్‌ను బహిరంగపరిచింది. ఓపెన్ ఆఫీస్ అలా పుట్టింది. వేలాది మంది దాన్ని తమదిగా భావించారు, తమ భాషల్లోకి తెచ్చుకున్నారు. పగ్గాలు మాత్రం కంపెనీ చేతిలోనే ఉన్నాయి. బయటివారు రాసిన కోడ్‌ను స్వీకరించాలంటే దానిపై హక్కులో కంపెనీకి వాటా రాసివ్వాల్సి వచ్చేది. స్వతంత్ర సంస్థకు అప్పగించాలన్న కోరిక ఏళ్ల తరబడి కోరికగానే మిగిలింది. 2010 జనవరిలో సన్ మరో కంపెనీ ఒరాకిల్ చేతికి వెళ్లింది. అదే ఏడాది ఆగస్టులో సన్ నుంచే వచ్చిన ఓపెన్ సొలారిస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒరాకిల్ మంగళం పాడింది. తర్వాత వంతు ఎవరిదో ఊహించడం కష్టం కాదు.

సెప్టెంబరు 28న ఓపెన్ ఆఫీస్ కార్యకర్తలు ‘ది డాక్యుమెంట్ ఫౌండేషన్’ను ప్రకటించారు. అదే కోడ్‌ను సొంతంగా కొనసాగించడానికి అప్పటికి తాత్కాలికంగా పెట్టుకున్న పేరు లిబ్రే ఆఫీస్. ఓపెన్ ఆఫీస్ అన్న అసలు పేరును ఒరాకిల్ దానంగా ఇస్తుందని ఆశించారు. ఒరాకిల్ పేరు ఇవ్వలేదు సరికదా, ఓపెన్ ఆఫీస్ పాలక మండలిలో ఉంటూ ఫౌండేషన్‌లో చేరిన వారిని తప్పుకోమంది. వారు తప్పుకున్నారు, పని మాత్రం ఆపలేదు. జర్మన్ చట్టం ప్రకారం ఫౌండేషన్ నెలకొల్పడానికి 50 వేల యూరోల మూలధనం కావాల్సి వస్తే 2011 ఫిబ్రవరిలో విరాళాలకు పిలుపునిచ్చారు. ఎనిమిది రోజుల్లో ఆ మొత్తం చేరింది. అందులో ఎక్కువ మంది ఇచ్చినవి చిన్న చిన్న మొత్తాలే. తాము రోజూ ఉత్తరాలు, లెక్కలు రాసుకునే పనిముట్టు అనాథ కాకూడదనుకున్న మామూలు మనుషుల సొమ్ము అది.

వాడుకరులే అంతా చేశారని అంటే నిజం కాదు. నోవెల్, రెడ్ హ్యాట్ వంటి కంపెనీల ఇంజినీర్ల శ్రమ లేకుండా అంత పెద్ద కోడ్ కదిలేది కాదు. అయితే కంపెనీల అండ శాశ్వతం కాదన్న సంగతీ తేలిపోయింది. తన సొంత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం లిబ్రే ఆఫీస్‌ను సిద్ధం చేసే పని నుంచి తప్పుకొంటున్నట్లు 2023లో రెడ్ హ్యాట్ చెప్పింది. అయినా లిబ్రే ఆఫీస్ తట్టుకుని నిలబడింది, ఎందుకంటే దాన్ని పట్టుకుని ఉన్నది ఒక్క చెయ్యి కాదు. రెండో దారి కూడా మన కళ్ల ముందే ఉంది. ఒరాకిల్ 2011లో ఓపెన్ ఆఫీస్‌ను అపాచీ ఫౌండేషన్‌కు ఇచ్చేసింది. పేరున్న సంస్థే, సదుద్దేశమే. కానీ అప్పటికే కార్యకర్తల్లో అధికభాగం లిబ్రే ఆఫీస్ వైపు వెళ్లిపోయారు. 2014లో 4.1 విడుదలైన తర్వాత ఓపెన్ ఆఫీస్‌లో వచ్చినవి చిన్నచిన్న సవరణలే. ప్రసిద్ధమైన పేరు ఒకచోట, మనుషులు మరోచోట ఉంటే ఏది బతుకుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టయిన్ రాష్ట్ర ప్రభుత్వం 30 వేల కంప్యూటర్లను లిబ్రే ఆఫీస్‌కు మారుస్తామని 2024లో ప్రకటించింది.

ఇది ఎక్కడో ఐరోపాలో జరిగిన కథ, మనకేమిటి అనుకునేవారు ఒక్కసారి తమ తెలుగు ఫైలును తెరిచి చూసుకోవాలి. ‘ఇల్లు’ అన్న ఒక్క మాటే మన భాషలో ఇంటికి, ఇంట్లో, ఇళ్లలో, ఇంట్లోంచి, ఇంటిదాకా అని రూపాలు మారుస్తుంది. వీటన్నింటినీ గుర్తుపట్టే అక్షరదోష పరీక్షిణి (స్పెల్ చెకర్) తయారు కావాలంటే పదాల జాబితా ఒక్కటే చాలదు, విభక్తులూ సంధులూ తెలిసినవారు కూర్చుని నియమాలు రాయాలి. బెర్లిన్‌లోని ప్రోగ్రామర్ ఎంత సమర్థుడైనా ‘రాష్ట్రం’లో ఒత్తు పక్కకు జరిగితే పోల్చుకోలేడు. దాన్ని చూడగలిగేది తెలుగు కన్ను మాత్రమే. ఆ కన్ను చూసీ చెప్పకపోతే లోపం లోపంగానే ఉండిపోతుంది. మనవాళ్లు చాలామంది చేస్తున్నది అదే: ఒత్తు చెదిరితే ఈ సాఫ్ట్‌వేర్ తెలుగుకు పనికిరాదని తీర్మానించి, మళ్లీ పాత ‘అను’ ఫాంట్ల వైపు వెళతారు. అలా కూర్చిన ఫైలు కాగితం మీద అందంగానే ఉంటుంది. వెతికితే మాత్రం అందులో ఒక్క తెలుగు మాటా దొరకదు, ఎందుకంటే లోపల ఉన్నవి తెలుగు అక్షరాల సంకేతాలు కావు.

2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ ఒక ప్రత్యేక కూర్పులో ఎదురైతే ప్రపంచవ్యాప్తంగా ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. లోపల ఏం జరుగుతోందో చూసే వీలు బయటివారికి లేదు. కోట్ల మంది మాట్లాడే భాషలోని అక్షరం అది, అయినా కంపెనీ సవరణ పంపేదాకా ఎదురుచూడటం తప్ప ఆ భాష వారికి మరో గతి లేకపోయింది. లిబ్రే ఆఫీస్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్‌లలో అక్షరాలను పేర్చి చూపే హార్ఫ్‌బజ్ అనే సాధనం సంగతి వేరు. దాని కోడ్ ఎవరైనా తెరవవచ్చు, తప్పు చూపవచ్చు, సరిచేసి పంపవచ్చు. తలుపు తీసే ఉంది. లోపలికి వెళ్లే తెలుగువారే తక్కువ.

హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు తెలుగు లినక్స్ కోసం ఏళ్ల క్రితమే శ్రమించారు. ఆ శ్రమకు ప్రభుత్వాల నుంచి, విశ్వవిద్యాలయాల నుంచి నిలకడైన కొనసాగింపు కావాలి. ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్‌కు, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్‌కు, ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. ఉచితంగా దొరుకుతుంది కదా అని వాడుకోవడంతో ఆ విధానం నెరవేరదు. వాడుకునే శాఖ, దొరికిన లోపాలను నివేదించే బాధ్యత ఒక ఉద్యోగికి అప్పగించాలి, సరిచేసేవారికి డబ్బు చెల్లించాలి. తెలుగు అకాడమీ పారిభాషిక పదకోశాలను ఎవరైనా వాడుకోగలిగే అనుమతితో విడుదల చేస్తే అనువాదకులకు అంతకంటే పెద్ద సాయం లేదు.

మా ప్రధానమైన కోరిక ఇంజినీరింగ్ కళాశాలలకు. చివరి సంవత్సరం ప్రాజెక్టును అమీర్‌పేటలో కొని సమర్పించే విద్యార్థులు ఎందరో ఉన్నారని అధ్యాపకులకు తెలుసు. దాని బదులు, వాడుకలో ఉన్న ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క తెలుగు లోపాన్ని కనిపెట్టి, నివేదించి, సరిచేసి, ఆ సవరణ ఆమోదం పొందేలా చూసిన విద్యార్థికి అదే ప్రాజెక్టుగా మార్కులు ఇవ్వండి. కొత్తవారు చేయదగ్గ సులభమైన పనుల జాబితాను లిబ్రే ఆఫీస్ మొదటి నుంచీ విడిగా నిర్వహిస్తోంది. ఆ విద్యార్థి రాసిన పది వరుసలను ప్రపంచంలో ఎక్కడో ఉన్న అనుభవజ్ఞుడు చదివి, తప్పులు చెప్పి, మళ్లీ రాయమంటాడు. ఏ తరగతి గదీ ఇవ్వలేని శిక్షణ అది.

పత్రికలకూ ఇందులో వాటా ఉంది. రోజూ లక్షల తెలుగు మాటలు అచ్చువేసే పత్రికల దగ్గర, సరిదిద్దిన తెలుగు పాఠం మరెక్కడా లేనంతగా పోగుపడి ఉంది. అందులోంచి పదాలను, వాటి రూపాలను ఏరి అక్షరదోష పరీక్షిణి తయారుచేసేవారికి అందించాలి. ‘ఇంటిదాకా’ అని సరిగ్గా రాసిన బడిపిల్ల మాట కింద ఎర్రగీత పడకుండా చూడటం ఆ పనితోనే మొదలవుతుంది.